రెండు గోలీలు, నాలుగు గోలీలు

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నిర్వాహకులు నాకు పదిహేను నిమిషాలిచ్చి, వంతెనల గురించి చెప్పమన్నారు. ముప్పై ఏళ్లుగా నా పని అదే కాబట్టి వాళ్ల తప్పేమీ లేదు. కానీ ఈ గేటులోకి వస్తుంటే నాకు గుర్తొచ్చింది వంతెన కాదు, పదో తరగతిలో గీసిన జీర్ణవ్యవస్థ బొమ్మ. మా సైన్సు సారు నల్లబల్ల మీద రంగు సుద్దలతో గీసేవారు. ఆహారనాళం, జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు. కాలేయానికి ఎర్ర సుద్ద. "బొమ్మ గీసి భాగాలు గుర్తించుము" అన్న ప్రశ్న ఏటా వస్తదని చెప్పి పదిసార్లు గీయించారు. భాగాలన్నీ గుర్తించాను, మార్కులు కూడా వచ్చాయి. ఆ బొమ్మలో నేను గుర్తించనిది ఒకటుందని ఇరవై రెండేళ్ల తర్వాత తెలిసింది.

మా అన్న మీలో చాలామందికి తెలుసు. ఏడు కిలోమీటర్ల అవతల మా ఊరి నుంచి నన్ను సైకిల్ మీద తెచ్చి ఇక్కడ దింపిపోయేవాడు. ఆయనా ఈ బడిలోనే ఏడో తరగతి దాకా చదివాడు. నాయన పోయాక చదువు మానేసి ఎద్దులు కట్టాడు. కరువు వచ్చిన రెండేండ్లు పుణె పోయి తట్టలు మోశాడు. నేను ఇంజనీరింగ్ చదివింది ఆ తట్టల పైసలతోనే. ఈ మాట ఇదే వేదిక మీద ఎప్పుడో చెప్పాల్సింది.

2007లో ఆయనకు నీరసం మొదలైంది. మలం తారులా నల్లగా పడుతోందని వదినకు కూడా చెప్పలేదు. మనోళ్లకు అలవాటే కదా, నొప్పి లేకపోతే రోగం లేనట్టే. రాయచూరు పోతే రక్తం సగానికి పడిపోయిందన్నారు, గొట్టం వేసి చూస్తే జీర్ణాశయం గోడలో గడ్డ. అప్పటికి ఆరోగ్యశ్రీ కొత్త. ఆ ఏడాది ఏప్రిల్ 1న మొదటి విడత పెట్టిన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. హైదరాబాద్‌లో ఆపరేషన్ దాని కిందే అయింది. గడ్డ ముక్కను పరీక్షించి ఇంగ్లిషులో ఒక పేరు రాశారు. జిస్ట్. జీర్ణాశయం లోపలి పొరలో పుట్టే మామూలు క్యాన్సర్ కాదిది. పేగులు కదలాలని సంకేతాలిచ్చే కణాలు గోడలో ఉంటాయి, వాటి జాతికి చెందిన గడ్డ. అరుదైన జబ్బు. రెండేళ్లకు అది కాలేయంలో తేలింది. సారు ఎర్ర సుద్ద రుద్దిన చోట.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పనివ్వండి. మన రైతులందరికీ ఆటో స్టార్టర్ తెలుసు. కరెంటు రాగానే బోరు మోటరు దానంతట అదే నడుస్తది. దాని లోపల కాంటాక్టర్ అతుక్కుపోయిందనుకోండి, మీరు బటన్ నొక్కినా మోటరు ఆగదు. కణం పైన కిట్ అనే ప్రోటీన్ ఉంటుంది. బయట నుంచి సంకేతం వస్తేనే అది లోపలికి "పెరుగు" అని చెప్పాలి. జిస్ట్ రోగుల్లో ఎక్కువమందికి ఆ కిట్ జన్యువులో మార్పు వచ్చి, సంకేతం లేకున్నా అదే పనిగా "పెరుగు, పెరుగు" అంటూనే ఉంటుంది. ఈ సంగతి 1998లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మామూలు కీమోథెరపీ అంటే ఒక్క మోటరు ఆపడానికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఊరంతటికీ కరెంటు తీయడం. ఊరు చీకటైంది కానీ ఈ మోటరు మాత్రం ఆగలేదు. జిస్ట్‌కు ఆ మందులు దాదాపు పనిచేయలేదు. ఇమాటినిబ్ అనే మందు ఆ ఒక్క స్టార్టర్‌లో దూరి ఫ్యూజు పీకేస్తుంది. గురిచూసి కొట్టే మందు అంటే అదీ.

నిజానికి దాన్ని జిస్ట్ కోసం తయారుచేయలేదు, ఒక రకం రక్త క్యాన్సర్ కోసం చేశారు. అదే మందు కిట్‌నూ ఆపుతుందని ప్రయోగశాలలో తేలింది. 2000 మార్చిలో ఫిన్లాండ్‌లో, హెల్సింకిలో, ఒకావిడకు మొదటిసారి ఇచ్చారు. అన్ని ఆపరేషన్లు, అన్ని మందులు అయిపోయిన మనిషి. కాలేయం నిండా గడ్డలు. రోజుకు 400 మిల్లీగ్రాములు. రెండు వారాల్లోనే గడ్డలు తగ్గుతున్నట్టు స్కానింగ్‌లో కనబడింది. ఎనిమిది నెలలకు వాటి వైశాల్యంలో నాలుగింట మూడు వంతులు పోయింది.

ఇంతవరకు వినగానే మనం చప్పట్లు కొట్టేస్తాం. ఇంజనీరుగా నాకు అలవాటైన అనుమానం ఇక్కడే మొదలవుతుంది. ఒక లారీ దాటినంత మాత్రాన వంతెన బాగుందని మేం సంతకం పెట్టం.

కొత్త వంతెన పరీక్ష మీలో కొందరు చూసే ఉంటారు. ఇసుక బస్తాలో, లోడు లారీలో అంచెలంచెలుగా ఎక్కిస్తాం. కింద గేజీలు పెట్టి మిల్లీమీటర్లలో ఎంత వంగిందో రాస్తాం. పూర్తి బరువు 24 గంటలుంచి దించేస్తాం. ఇంకో 24 గంటలకు చూస్తే, మామూలు కాంక్రీటు అయితే వంగినదాంట్లో కనీసం 75 శాతం తిరిగి లేవాలి. లేవకపోతే అనుమానించాలి. మందుల పరీక్షకూ ఈ ఓపికే కావాలి. తేడా ఒక్కటే, మాకు వంతెన ఎంత మోయాలో డ్రాయింగులో రాసి ఉంటుంది. మనిషి ఎంత మోస్తాడో ఏ డ్రాయింగులోనూ ఉండదు, మనిషినే అడిగి తెలుసుకోవాలి.

ఆ ఫిన్లాండ్ ఆవిడ తర్వాత యూరప్‌లో నలభై మంది మీద మొదటి దశ పరీక్ష చేశారు. అందులో ముప్పై ఆరుగురు జిస్ట్ రోగులు. అక్కడ అసలు ప్రశ్న "జబ్బు తగ్గుతుందా" కాదు, "ఎంత మోతాదు తట్టుకోగలరు". 400తో మొదలుపెట్టి 1000 దాకా పోయారు. 1000 మిల్లీగ్రాములు తీసుకున్న ఎనిమిది మందిలో ఐదుగురికి వాంతులు, వాపులు, ఆయాసం ఇక భరించలేనంతగా వచ్చాయి. అక్కడ ఆగి, 800ను హద్దుగా పెట్టుకున్నారు. ఈరోజు ఎవరైనా 1000 వేసుకోవడం లేదంటే ఆ ఐదుగురి పుణ్యమే. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

తర్వాత అమెరికా, ఫిన్లాండ్‌లలో కలిపి 147 మందికి ఇచ్చారు. సగానికి పైగా, సరిగ్గా చెప్పాలంటే వందకు దాదాపు 54 మందికి గడ్డలు బాగా చిన్నవయ్యాయి. ఆ లెక్కల మీదే 2002 ఫిబ్రవరిలో అమెరికా దీన్ని జిస్ట్‌కు అనుమతించింది. ఆ తర్వాత 746 మందిని రెండు జట్లు చేసి ఒకరికి 400, మరొకరికి 800 ఇచ్చి చూశారు. ఎవరు ఏ జట్టో డాక్టరు ఎంచడు, రోగి ఎంచడు, చీటీ తీసినట్టే. మొత్తం మీద రెట్టింపు మోతాదుతో ఆయుష్షు పెరగలేదు. సిమెంటు రెండింతలు పోస్తే స్లాబు రెండింతలు గట్టిపడుతుందనే మేస్త్రీలు మాకూ తగులుతారు. అదే పరీక్షలో ఉన్నవాళ్లను పదేళ్ల తర్వాత లెక్కచూస్తే, వందలో 23 మంది దాకా బతికి ఉన్నట్టు అంచనా. కాలేయానికి పాకిన జబ్బుకు పదేళ్లు! తక్కువ అనుకునేవాళ్లు ఆ ముందు రోజులు చూడనివాళ్లు.

మందు ఉంది, మరి పైసలు? ఇక్కడ మన పాత జిల్లా కథ వస్తుంది. మీరు బస్సులో హైదరాబాద్ పోతుంటే షాద్‌నగర్ దాటాక కొత్తూరు వస్తుంది. ఇప్పుడు రంగారెడ్డి అంటున్నారు గానీ 2016 దాకా మనదే. అక్కడ ఫ్యాక్టరీ ఉన్న నాట్కో, 2003లో వీనాట్ పేరుతో ఇమాటినిబ్ తెచ్చింది. మూల కంపెనీ మందు నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా ఉంటే, మన దేశంలో తయారైనది ఎనిమిది, పది వేలకు దొరికింది. దాని మీద నడిచిన పేటెంటు వ్యాజ్యం 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది. మూల కంపెనీకి పేటెంటు రాలేదు. వాళ్లకు న్యాయంగా ఒక మాట చెప్పాలి, ఆ కంపెనీ కూడా మన దేశంలో వేలమంది రోగులకు ఈ మందును ఉచితంగానే ఇచ్చింది. అయినా దానం దానమే, ధర ధరే.

ఇదే నాట్కోకు 2012 మార్చి 9న కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్ల మందు సొరాఫెనిబ్ తయారీకి తప్పనిసరి లైసెన్సు వచ్చింది, దేశంలో అలాంటిది మొదటిది. నెలకు 2,80,428 రూపాయల మందు 8,880కి మించి అమ్మరాదన్నారు. ఆ మందు పరీక్ష ఫలితం కూడా వినండి. ముదిరిన కాలేయ క్యాన్సర్ ఉన్న 602 మందిలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు దాదాపు 7.9 నెలలు, మందు వేసుకున్నవాళ్లకు 10.7 నెలలు. మూడు నెలల తేడా. గురిచూసి కొట్టే మందులన్నీ జిస్ట్ మందులా అద్భుతాలు చేయవు. పత్రికల్లో "క్యాన్సర్‌కు కొత్త మందు" అని పెద్ద అక్షరాల్లో చూసినప్పుడు నేను ముందు వెతికేది నెలల లెక్క. కానీ కూతురి పెండ్లి మూడు నెలల్లో ఉన్న తండ్రికి ఆ మూడు నెలలు చిన్నవి అని చెప్పే అధికారం నాకు లేదు.

ఇక అసలు విషయం.

2009 నుంచి అన్నకు రోజుకు నాలుగు వంద మిల్లీగ్రాముల గోలీలు రాశారు. నేను అప్పుడు ఉత్తరాదిలో వంతెనల పని మీద ఉన్నాను. నెల నెలా మందుల పైసలు బ్యాంకులో వేసేవాణ్ణి. ఫోన్ చేసి "అన్నా, గోలీలు వేసుకుంటున్నవా?" అంటే "ఏసుకుంటున్న తమ్మీ, నువ్వు పని జూసుకో" అనేవాడు. కళ్ల కింద వాపులొచ్చేవి, పిక్కలు పట్టేసేవి. అయినా పొలం పనులు మానలేదు. గడ్డలు తగ్గి, అలాగే నిలిచాయి. పండుగకు వచ్చి ఆయన పక్కన పడమటి ఆంజనేయస్వామి జాతరలో నడుస్తుంటే రోగి ఎవరో గుర్తుపట్టడం కష్టంగా ఉండేది. నాకే అప్పటికి బీపీ.

2013లో స్కానింగ్ తీస్తే కాలేయంలో ఒక గడ్డ మళ్లీ పెరిగింది. డాక్టరుగారు "మందు పనిచేయడం ఆగినట్టుంది, ఈ జబ్బులో అది మామూలే" అన్నారు. నిజమే, రెండేళ్లు గడిచేసరికి సగంమందికి కిట్‌లో ఇంకో కొత్త మార్పు వచ్చి మందు పట్టదు. వేరే ఆసుపత్రిలో కొత్త మందు పరీక్ష జరుగుతోంది, అడిగి చూడండి అన్నారు. నేను సెలవు పెట్టి పరిగెత్తుకొచ్చాను. కారులో అన్నకు ఒకటే చెప్పాను: "కొత్త మందు వచ్చింది, ఉచితంగా ఇస్తరంట." అది పరీక్ష అని చెప్పలేదు. చీటీ తీసి ఇస్తారని, మందే దొరుకుతుందని నమ్మకం లేదని చెప్పలేదు. వంతెన మీద సగం బరువు చాలని ఎవరైనా అంటే కొట్లాడే మనిషిని, మా అన్న ముందు సగం నిజం చెప్పి ఊరుకున్నాను.

అక్కడ ఇరవై పేజీల పైన సమ్మతి పత్రం తెలుగులో ఇచ్చారు. అన్న ఏడో తరగతి చదువుతో, వేలు పెట్టి, ఒక్కో వరుసా చదివాడు. నేను గడియారం చూసుకుంటున్నాను. చదివి, కళ్లద్దాలు తీసి, ఎదురుగా ఉన్న డాక్టరును అడిగాడు: "సారూ, ఈ మందు నా మీద పని జేస్తదా, నేను ఈ మందు మీద పని జేస్తనా?"

ఆ డాక్టరు చిన్నవాడు. నవ్వలేదు. "రెండూ పెద్దాయనా. మొదటిదానికి నేను మాట ఇవ్వలేను. రెండోదానికి ఇవ్వగలను" అన్నాడు. ఇన్నేళ్లలో మందుల పరీక్ష గురించి నేను చదివినవాటిలో ఇంత శుభ్రమైన మాట ఇంకోటి దొరకలేదు.

సంతకం కంటే ముందు ఒక నర్సమ్మ వచ్చి పాత మందుల వివరాలు రాసుకుంది. ఖాళీ పట్టీలు తెచ్చారా అని అడిగింది. తర్వాత మామూలుగా, తలెత్తకుండా, "ఇయ్యాల పొద్దుగాల ఎన్ని గోలీలు ఏసుకున్నవ్ పెదనాయనా?" అంది.

"రెండు" అన్నాడు అన్న.

"మిగతా రెండు రాత్రికా?"

"కాదమ్మా. రోజూ రెండే."

ఎన్ని రోజులనుంచి అంటే ఏడాదిన్నర. వరుసగా రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది వేయించడానికి నేను పంపిన మందుల పైసల్లో సగం ఆపుకున్నాడు. నన్ను ఇంకా అడగడం ఇష్టం లేక. మూడో బోరులో రెండించుల నీళ్లు పడ్డాయి. "గడ్డ నిలవడ్డది గద తమ్మీ, సగమైనా జాలనుకున్న" అన్నాడు, నా వైపు చూడకుండా. నాలుగేళ్లు ప్రతి నెలా పైసలు పంపి, ప్రతి వారం ఫోన్ చేసి, "ఎన్ని?" అని ఒక్కసారి కూడా నేను అడగలేదు. వేసుకుంటున్నవా అన్నాను, అంతే.

ఆయన్ను పరీక్షలోకి తీసుకోలేదు. ఆ పరీక్ష, పూర్తి మోతాదు వాడినా ఇమాటినిబ్ పనిచేయని వాళ్లకు. ఈయనకు మందు ఓడిపోలేదు, మందే సరిగా అందలేదు. నాకు ముందు కోపమొచ్చింది, ఇంత దూరం వచ్చాం, ఎలాగోలా చేర్చుకోండి అని బతిమాలాను కూడా. ఆ చిన్న డాక్టరు ఒప్పుకోలేదు. చేర్చుకుంటే మా లెక్క చెడుతుంది, మీ అన్నకు అక్కర్లేని ప్రమాదం వస్తుంది, ముందు నాలుగు గోలీలు వేయించండి అని పంపేశాడు.

దీని వెనకా ఒక పరీక్ష ఉందని తర్వాత తెలిసింది. ఫ్రాన్స్‌లో, మూడేళ్లు మందు వాడి నిలకడగా ఉన్న యాభై మందిని సగం సగం చేసి, ఒక జట్టుకు కొనసాగించారు, ఇంకో జట్టుకు ఆపారు. రెండేళ్లకు చూస్తే, కొనసాగించినవాళ్లలో వందకు 80 మంది లెక్కన జబ్బు నిలకడగా ఉంది. ఆపినవాళ్లలో 16 మంది లెక్కన. మళ్లీ మొదలుపెడితే ఎక్కువమందికి మళ్లీ పనిచేసింది. 2010లోనే అచ్చయిన సంగతి ఇది. ఆపొద్దు అని డాక్టర్లు ఊరికే చెప్పరు.

నాలుగు గోలీలు మొదలుపెట్టిన మూడు నెలలకు అన్న స్కానింగ్‌లో గడ్డ పెరగడం ఆగింది. ఆరు నెలలకు కొంచెం తగ్గింది. ఇంకో మూడేళ్లు ఆ మందు మీదే ఉన్నాడు. నిజంగా మందు పట్టనప్పుడు సునిటినిబ్‌కు మార్చారు. 2018లో పోయాడు. పెద్దపాప పెండ్లి, చిన్నోడి డిగ్రీ రెండూ చూసే పోయాడు. చివరిదాకా వదిన గోడమీద క్యాలెండర్‌లో రోజుకు నాలుగు గీతలు గీసేది. అదే గడిలో పాల లెక్క, కరెంటు వచ్చే టైము కూడా ఉండేవి.

నేను డాక్టర్ను కాదు. కానీ మన మక్తల్, నారాయణపేట, కృష్ణ వైపు ఊళ్ల నుంచి నాకిప్పుడు ఫోన్లొస్తుంటాయి, "ఫలానా ఆసుపత్రిలో కొత్త మందు పరీక్ష అంటున్నరు, చేరమంటవా?" అని. చేరమని నేను చెప్పను, వద్దనీ చెప్పను. మందుల పరీక్ష పేరు చెబితేనే మనవాళ్లు గినీపందులనుకుని భయపడతారు. పేదవాళ్లతో సరిగా చెప్పకుండా సంతకాలు పెట్టించిన కథలు మన రాష్ట్రాల్లోనూ బయటపడ్డాయి కాబట్టి ఆ భయం ఉత్తదేమీ కాదు. మా అన్న ఆసుపత్రికి పోయిన ఆ 2013లోనే, సమ్మతిని ఆడియో, వీడియోలో రికార్డు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2019లో కొత్త నిబంధనలొచ్చాయి. పరీక్షను దేశ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు చేయాలి, అది ఎవరైనా ఫోన్‌లో వెతికి చూసుకోవచ్చు. నీతి సంఘం అనుమతి ఉండాలి. పరీక్షవల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఏ రోజైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు, వచ్చినందుకు మామూలు వైద్యం ఆపకూడదు. ఇవన్నీ ఆ ఇరవై పేజీల్లో రాసే ఉంటాయి. చదవడానికి మనకే తీరిక ఉండదు. మా అన్నకు ఉండింది.

ఇంకో ముచ్చట. మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1947-48లో బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. పదహారు మందిలో పది మందికి జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. కొన్నాళ్లే. ఆ పిల్లలు బతకలేదు. కానీ ఈరోజు ఆ జబ్బు వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది బతుకుతున్నారంటే లెక్క అక్కడి నుంచే మొదలైంది. ఆయన 1948లోనే కన్నుమూశారు. మన పాఠ్యపుస్తకంలో ఆయన గురించి ఉందో లేదో సైన్సు సారునే అడగాలి.

టైము అయిపోయిందని కార్యదర్శిగారు గంట చూపిస్తున్నారు. ఆ గంట మన బడి గంటే కదా, ఇప్పటికీ నాకు భయమే.

భోజనాలయ్యాక నేను పదో తరగతి గదిలో, వెనక బెంచీ దగ్గరుంటాను. ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి రిపోర్టులో, సమ్మతి పత్రాలో ఉంటే పట్టుకురండి, కూర్చొని వరుస వరుసా చదివి పెడతాను. గోలీల పట్టీలు కూడా తెండి, ఖాళీవి. లెక్కపెడదాం.

సెలవు.